సెర్చ్ ప్రకటనల ఖర్చు అమ్మకాలుగా మారడం లేదు: చిన్న వ్యాపారుల అనుభవాలు కోరుతున్నాను

నిజాం అంచు (మంగళగిరి)

అందరికీ నమస్కారం. మాది మూడు తరాలుగా నేతపని చేస్తున్న కుటుంబం. నాన్నగారి కాలంలో మగ్గం మీద నుంచి దిగిన సరుకంతా మాస్టర్ వీవర్లకే (నేతగాళ్లతో నేయించి సరుకు తీసుకునే వ్యాపారులకే) వెళ్లేది. రెండేళ్ల క్రితం నేను ఒక వెబ్‌సైటు తెరిచి మంగళగిరి నూలు చీరలు, పట్టు చీరలు, డ్రెస్ మెటీరియల్ నేరుగా అమ్మడం మొదలుపెట్టాను. గడచిన నలభై రోజులు గూగుల్ యాడ్స్‌లో రోజుకు 600 రూపాయల బడ్జెట్‌తో సెర్చ్ ప్రకటన (గూగుల్‌లో వెతికినప్పుడు ఫలితాలతో పాటు కనబడేది) నడిపాను. దాదాపు 24,000 రూపాయలు ఖర్చయింది, 3,100 క్లిక్కులు వచ్చాయి, కాని వెబ్‌సైటులో పడిన ఆర్డర్లు పదకొండు మాత్రమే. వాట్సాప్‌లో అడిగి కొన్నవారు మరికొందరు ఉన్నారు గాని, వారిలో ప్రకటన చూసి వచ్చినవారెవరో, తెలిసినవారు చెబితే వచ్చినవారెవరో నాకు తెలియదు.

నేను పెట్టిన కీవర్డులు ఇవి: మంగళగిరి, మంగళగిరి చీరలు, చేనేత చీరలు, కాటన్ శారీస్ ఆన్‌లైన్. మిగిలిన సెట్టింగులన్నీ ఖాతా తెరిచినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే వదిలేశాను. బడ్జెట్ పెంచితేనే ఫలితం కనబడుతుందని ఒకరంటున్నారు, ఈ ప్రకటనలు బూడిదలో పోసిన పన్నీరని ఇంకొకరంటున్నారు. సొంత డబ్బు పెట్టి నడిపినవారు తమ అనుభవం చెబితే మేలు చేసినవారవుతారు.

లెక్కల పుస్తకం (హైదరాబాదు)

నిజాం అంచు గారూ, తొమ్మిదేళ్లుగా చిన్న దుకాణాల ప్రకటన ఖాతాలు చూస్తున్నాను. బడ్జెట్ సంగతి తర్వాత ఆలోచిద్దాం, ముందు మీ ఖాతాలో శోధన పదాల నివేదిక తెరవండి. కీవర్డు అంటే మీరు కొనదలచుకున్న మాట, శోధన పదం అంటే జనం ఫోనులో నిజంగా టైపు చేసిన మాట. ఈ రెండింటి మధ్య దూరం ఎంత ఉంటే మీ డబ్బు అంత దారి తప్పుతున్నట్టు. ఏ గుర్తూ లేకుండా రాసిన కీవర్డు బ్రాడ్ మ్యాచ్ కింద నడుస్తుంది, అంటే గూగుల్ తన దృష్టిలో దానికి సంబంధమున్న వెతుకులాటలన్నిటికీ మీ ప్రకటనను వేలంలోకి, అంటే ప్రకటన చోటు కోసం వ్యాపారులు క్లిక్కు ధరతో పోటీపడే చోటికి, దించుతుంది. కొటేషన్ గుర్తుల మధ్య రాస్తే ఫ్రేజ్ మ్యాచ్ (ఆ మాట అర్థం ఇమిడి ఉన్న వెతుకులాటలకే), చతురస్ర బ్రాకెట్లలో రాస్తే ఎగ్జాక్ట్ మ్యాచ్ అవుతుంది. ఎగ్జాక్ట్ అని పేరున్నా, అదే అర్థమిచ్చే వేరే మాటలకు కూడా అది కనబడుతుందని గుర్తుంచుకోవాలి.

"మంగళగిరి" అన్న ఒంటి మాటను కీవర్డుగా పెట్టడమే మీ ఖర్చులో పెద్ద భాగాన్ని తినేసి ఉంటుందని నా అనుమానం. ఆ ఊరి పేరు వెతికేవారిలో పానకాల నరసింహస్వామి గుడి వేళలు కావలసినవారుంటారు, ఎయిమ్స్‌లో ఓపీ చీటీ ఎలా తీసుకోవాలో తెలుసుకోదలచినవారుంటారు, స్థలాల ధరలు చూసేవారుంటారు. చీర కొనేవారు వారిలో ఎందరు?

రెండో పని ఒక కాగితం మీద చేయవలసినది. ఒక చీర అమ్మితే నూలు, రంగు, కూలి, ప్యాకింగు, కొరియరు, వెనక్కి వచ్చే సరుకు నష్టం అన్నీ పోను మీకు మిగిలేదెంత? ఉదాహరణకు 520 రూపాయలు మిగులుతుందనుకుందాం. వందమంది క్లిక్ చేస్తే ఇద్దరు కొంటారనుకుంటే, ఆ వంద క్లిక్కులకు మీరు పెట్టగలిగింది 1,040 రూపాయలు, అంటే క్లిక్కుకు పది రూపాయల నలభై పైసలు. అక్కడికి లాభం సున్నా. మీకంటూ కొంత మిగలాలంటే అంతకన్నా తక్కువకే కొనాలి, లేదా వందకు ముగ్గురు కొనేలా పేజీని బాగుచేసుకోవాలి. ఈ ఒక్క అంకె తెలియకుండా ఏ ఖాతానూ నడపకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

నిజాం అంచు

నివేదిక తెరిచి రాత్రంతా చూశాను. మీరన్నట్టే గుడి సమయాలు, ఎయిమ్స్ అపాయింట్‌మెంట్, మంగళగిరి నుంచి విజయవాడకు బస్సులు, ఇలాంటివాటికే మూడో వంతుకు పైగా డబ్బు పోయింది. "చేనేత చీరలు" అన్న కీవర్డు కింద చేనేత పింఛను గురించి వెతికినవారు, చీర ఉతికే పద్ధతి అడిగినవారు, చీరల ఫొటోల కోసం చూసినవారు కనబడ్డారు. మగ్గం మీద చీర నేయడానికి రోజులు పడుతుంది, దాని మీద వచ్చే నాలుగు రూపాయలు ఇలా పోయాయని చూసినప్పుడు చాలా బాధ కలిగింది. మిగులు లెక్క కూడా వేశాను. సగటున ఒక చీరకు 520కి అటూ ఇటూగానే తేలింది. పదకొండు ఆర్డర్లకు 24,000 అంటే ఒక్కో ఆర్డరుకు 2,180 రూపాయలు ప్రకటనకే పెట్టాను.

"ధర" అన్న మాటను నెగటివ్ కీవర్డుగా (ఆ మాటతో వెతికితే ప్రకటన కనబడకుండా) పెట్టమంటారా? ధర చూసి వెళ్లిపోయినవారు చాలామంది ఉన్నారు.

లెక్కల పుస్తకం

"ధర"ను ఆపవద్దు. మన దగ్గర కొనేవారే ధర అడుగుతారు. ధర చూసి వెళ్లిపోతున్నారంటే, ప్రకటనలోనే "2,400 రూపాయల నుంచి" అని రాయండి. అంత పెట్టలేనివారు క్లిక్ చేయకముందే ఆగిపోతారు, మీకు రూపాయి ఖర్చుండదు. ఆపవలసినవి ఎయిమ్స్, టెంపుల్, బస్, పింఛను, ఉతకడం, ఇమేజెస్, ఉద్యోగాలు వంటివి. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. మామూలు కీవర్డులు పర్యాయపదాలకు కూడా పనిచేస్తాయి, కాని నెగటివ్ కీవర్డులు అలా పనిచేయవు. "టైమింగ్స్" అని ఆపితే "వేళలు" ఆగదు, ఏకవచనం ఆపితే బహువచనం ఆగదు. అన్ని రూపాలనూ విడివిడిగా చేర్చాలి. 2024 నుంచి అక్షరదోషాల వరకు మాత్రం గూగులే చూసుకుంటోంది. మరొక మాట, 2020 సెప్టెంబరు తర్వాత ఆ నివేదికలో శోధన పదాలన్నీ కనబడవు, తగినంత మంది వెతికినవే చూపిస్తారు. కాబట్టి కనబడిన చెడ్డ మాట వెనుక కనబడనివి కూడా ఉన్నాయనుకుని, ఆ కుటుంబానికి చెందిన మాటలన్నీ ముందుగానే ఆపాలి.

ఓరుగల్లు ఫిజియో (హనుమకొండ)

మాది ఫిజియోథెరపీ క్లినిక్. మా అనుభవంలో ప్రాంతం సెట్టింగే మొదటి దెబ్బ. ఊరు ఎంచుకోగానే సరిపోయిందనుకున్నాను. కాని ముందుగా ఉండే ఎంపికలో ఆ ఊళ్లో ఉన్నవారితో పాటు ఆ ఊరి మీద ఆసక్తి చూపినవారు కూడా కలుస్తారు. బెంగుళూరులో కూర్చుని వరంగల్ గురించి చదివేవారు మోకాలినొప్పికి మా దగ్గరకు రారు కదా. "అక్కడ ఉన్నవారు లేదా తరచూ వచ్చేవారు" అన్న ఎంపికకు మార్చాక ఫోన్లు తగ్గాయి, రోగులు పెరిగారు. చీరలకు దేశమంతా గిరాకీ ఉంటుంది కాబట్టి మీకిది అంత బాధించకపోవచ్చు. అయినా ప్రకటనను గూగుల్ సెర్చ్ బయట ఇతర సైట్లలో కూడా చూపించే సెర్చ్ పార్ట్‌నర్లు, డిస్‌ప్లే నెట్‌వర్క్ అన్న రెండు టిక్కులు ఉన్నాయేమో చూసి, ఉంటే తీసేసి కొన్నాళ్లు నడపండి. మేము క్లినిక్ మూసి ఉండే వేళల్లో ప్రకటన ఆపాము, ఎందుకంటే రాత్రి పదకొండుకు వచ్చిన ఫోను ఎత్తేవారు లేరు.

డాలస్ వంటిల్లు (టెక్సస్)

ఇక్కడ తెలుగువారి శుభకార్యాలకు భోజనాలు చేసిపెడుతుంటాము. భాష సెట్టింగులో మొదట తెలుగు ఒక్కటే ఎంచుకున్నాను, పది రోజులకు ప్రకటన కదలనేలేదు. మనవాళ్లు ఇంట్లో తెలుగే మాట్లాడినా, ఫోను మాత్రం ఇంగ్లీషులో పెట్టుకుంటారు. పైగా తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేస్తారు. "చీర" అన్న చిన్న మాటనే కొందరు cheera అని, కొందరు chira అని రాస్తారు. ఇంగ్లీషును కూడా చేర్చి, జనం రాసే ఆ వంకర రూపాలన్నీ కీవర్డులుగా పెట్టాక గాని మాకు ఫోన్లు రాలేదు. ఆ మాటల మీద పోటీపడేవారు తక్కువ కాబట్టి అవి చౌకగా కూడా దొరికాయి.

మీరు అమెరికాకు పంపదలిస్తే దానికి వేరే క్యాంపెయిన్ పెట్టండి, ఇండియాతో కలపవద్దు. ఇక్కడ క్లిక్కు ధర వేరు, లెక్క వేరు. 800 డాలర్ల లోపు విలువగల పార్సిళ్లకు ఉన్న సుంకం మినహాయింపును అమెరికా 2025 ఆగస్టు 29 నుంచి అన్ని దేశాలకూ తీసివేసింది. ఆ సుంకం ఎవరు కడతారో వెబ్‌సైటులో స్పష్టంగా రాయకుండా ప్రకటన వేస్తే, పార్సిల్ గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోతుంది.

బందరు రోడ్డు (విజయవాడ)

వాటర్ ప్యూరిఫయర్ల సర్వీసు చేస్తాము. రెండు సంగతులు చెబుతాను. మొదట మేము ఒక ఏజెన్సీకి పని అప్పగించాము. వారు ఖాతాను తమ పేరనే తెరిచారు. ఒప్పందం ముగిశాక ఏ మాటకు ఫోన్లు వచ్చాయో, ఏది దండగో తెలిపే రెండేళ్ల చరిత్రంతా వారితోనే పోయింది, మేము మళ్లీ ఓనమాల నుంచి మొదలుపెట్టాము. ఖాతా ఎప్పుడూ మీ ఈమెయిలుతో, మీ జీఎస్టీ నంబరుతో ఉండాలి. ఏజెన్సీకి మేనేజర్ ఖాతా (ఇతరుల ఖాతాలను నడిపే ఏజెన్సీ ఖాతా) ద్వారా ప్రవేశం ఇస్తే చాలు. జీఎస్టీ నంబరు ఎందుకంటే, ముందుగా డబ్బు వేసే పద్ధతిలో మీరు 1,180 రూపాయలు కడితే 180 పన్నుగా పోయి ఖాతాలో 1,000 మాత్రమే పడుతుంది. మామూలు పద్ధతిలో నమోదైన వ్యాపారి ఆ 180ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే తాను కట్టవలసిన జీఎస్టీలో తగ్గించుకోవడానికి, వాడుకోవచ్చు.

రెండోది, లెక్కల పుస్తకం గారితో నాకు కొంచెం భేదాభిప్రాయం వస్తుందేమో. క్లిక్కుకు ఎంత ఇవ్వాలన్న వేలం ధరలను చేత్తో దిద్దే రోజులు పోయాయి, మొదటి రోజు నుంచే గూగుల్ యంత్రానికి వదిలేయడం మేలని నా అభిప్రాయం. మాకు అదే కలిసివచ్చింది.

లెక్కల పుస్తకం

బందరు రోడ్డు గారూ, మీకు రోజూ ఫోన్లు వస్తాయి కాబట్టి యంత్రానికి నేర్చుకోవడానికి సరిపడా మేత దొరికింది. నలభై రోజుల్లో పదకొండు ఆర్డర్లున్న ఖాతాలో "ఒక్కో ఆర్డరు 350 రూపాయలకే తీసుకురా" అని లక్ష్యం పెడితే, నా అనుభవంలో ప్రకటన దాదాపు నిలిచిపోతుంది. అంతకన్నా ముఖ్యమైనది, దేన్ని అమ్మకంగా లెక్కిస్తున్నామన్నది. నిజాం అంచు గారి వెబ్‌సైటులో వాట్సాప్ బటన్ నొక్కడాన్నే కన్వర్షన్‌గా (ప్రకటన ఫలించినట్టు లెక్కించే పనిగా) పెడితే, యంత్రం బటన్ నొక్కేవారిని వెతికి తెస్తుంది గాని చీర కొనేవారిని కాదు.

దీనికి నేను చేసే ఏర్పాటు ఇది. ప్రకటన నొక్కి వచ్చిన ప్రతి క్లిక్కు వెంట చిరునామాలో జీసీఎల్‌ఐడీ అనే గుర్తింపు సంఖ్య వస్తుంది. వెబ్‌సైటు చేసినవారితో చెప్పి దానిని దాచి, దానికి జతగా ఒక చిన్న విచారణ నంబరును వాట్సాప్ సందేశంలో ముందే నింపి ఉంచమనండి. "నమస్కారం, విచారణ నంబరు 214" అని సందేశం వస్తే, అమ్మకం జరిగిన తర్వాత ఆ నంబరుకు జతగా ఉన్న జీసీఎల్‌ఐడీని, అమ్మకం మొత్తాన్ని ఒక షీటులో రాసుకుని వారానికొకసారి ఖాతాలోకి ఎక్కించాలి. క్లిక్కు జరిగిన 90 రోజుల లోపు ఎక్కిస్తేనే అది లెక్కలోకి వస్తుంది.

బందరు రోడ్డు

ఈ మాట ఒప్పుకుంటున్నాను. మేము మొదట్లో ఇరవై సెకన్ల ఫోనును కూడా కన్వర్షన్‌గా పెట్టాము, అప్పుడు రాంగ్ నంబర్లే ఎక్కువ వచ్చాయి. అరవై సెకన్లకు మార్చాకే దారిలో పడింది. మరొక అనుమానం: మా పోటీదారు మా దుకాణం పేరునే కీవర్డుగా పెట్టాడు. మేము కూడా మా సొంత పేరు మీద డబ్బు పెట్టాలా?

లెక్కల పుస్తకం

ఈబే సంస్థ 2012లో తన పేరు మీద ఇచ్చే ప్రకటనలను యాహూ, మైక్రోసాఫ్ట్ సెర్చ్‌లలో ఆపి చూసింది. అలా వచ్చేవారిలో దాదాపు అందరూ ప్రకటన లేని మామూలు ఫలితాల ద్వారా వచ్చేశారని ఆ పరిశోధన తేల్చింది. అయితే ఈబే అందరికీ తెలిసిన పేరు. మీ పేరు వెతికినప్పుడు పైన పోటీదారు కనబడుతుంటే కొద్దిపాటి బడ్జెట్ పెట్టడం తప్పు కాదు, రెండు వారాలు ఆపి, రెండు వారాలు నడిపి చూసుకోండి. చట్టం సంగతికి వస్తే, వేరొకరి ట్రేడ్‌మార్కును కీవర్డుగా వాడినంత మాత్రాన ఉల్లంఘన కాదని, జనం పొరబడేలా ఉంటే మాత్రం సంగతి వేరని ఢిల్లీ హైకోర్టు 2023లో చెప్పింది. మీ పేరును అతను ప్రకటన పాఠంలోనే రాశాడేమో చూడండి. అలా రాసి ఉంటే, మీ పేరు ట్రేడ్‌మార్కుగా నమోదై ఉన్న పక్షంలో గూగుల్‌కు ఫిర్యాదు చేయవచ్చు.

నిజాం అంచు (ఆరు వారాల తర్వాత)

అందరికీ కృతజ్ఞతలు. ఒంటి ఊరి పేరును తీసేశాను. నూలు చీరలకు, పట్టు చీరలకు, డ్రెస్ మెటీరియల్‌కు వేర్వేరు యాడ్ గ్రూపులు (ఒక్కో సరుకుకు దాని కీవర్డులు, ప్రకటనలు కలిపిన గుంపులు) పెట్టి, ఒక్కోదాన్ని హోమ్ పేజీకి కాకుండా ఆ సరుకున్న పేజీకే పంపుతున్నాను. ఫొటోల బరువు తగ్గించాక ఫోనులో పేజీ త్వరగా తెరుచుకుంటోంది. బడ్జెట్ 400కు తగ్గించాను. ఒకరోజు 760 ఖర్చయిందని కంగారుపడ్డాను గాని, ఒక్క రోజులో రెట్టింపు దాకా పోవచ్చని, నెల మొత్తానికి రోజువారీ బడ్జెట్‌కు 30.4 రెట్లు దాటదని తర్వాత చదివి ఊరటపడ్డాను.

గత ముప్పై రోజుల్లో 11,200 రూపాయలకు 1,020 క్లిక్కులు వచ్చాయి. క్లిక్కు ధర ఏడున్నర నుంచి పదకొండుకు పెరిగింది, అది చూసి మొదట భయమేసింది. కాని వెబ్‌సైటులో పంతొమ్మిది, విచారణ నంబరు ద్వారా తేలిన వాట్సాప్ అమ్మకాలు పన్నెండు, మొత్తం ముప్పై ఒక్క ఆర్డర్లు పడ్డాయి. ఒక్కోదానికి ప్రకటన ఖర్చు 361 రూపాయలు. చీరకు నూట యాభై తొమ్మిది మిగిలింది. ఇది పెద్ద మొత్తం కాదు, కాని ఈ ముప్పై ఒక్కరిలో నలుగురు ఇప్పటికే రెండోసారి కొన్నారు, ఆ రెండో చీరకు ప్రకటన ఖర్చు లేదు.

ఒక్కటే మిగిలింది. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి పట్టు చీరల గిరాకీ పెరుగుతుంది. అప్పుడు నూలు చీరల బడ్జెట్ తగ్గించి పట్టు చీరలకు మళ్లించాలా, లేక రెండింటినీ అలాగే ఉంచి మొత్తం పెంచాలా? మగ్గాల మీద ఉన్న సరుకు నలభై చీరలే.

లెక్కల పుస్తకం

సరుకు నలభై ఉన్నప్పుడు మొత్తం పెంచవద్దు, మళ్లించండి. పూజకు కనీసం పది రోజుల ముందు మొదలుపెట్టండి, ఎందుకంటే చీర చేరడానికి, జాకెట్టు కుట్టించుకోవడానికి వారికి సమయం కావాలి. చేరే తేదీని ప్రకటనలోనే రాయండి. ఇక చేరదు అనుకున్న రోజున ఆ యాడ్ గ్రూపును ఆపేయండి.