ఐదు నెలల కుక్కపిల్ల, ఇంటికి ఎవరొచ్చినా మీదకి వెళ్తోంది. ఏం చేయాలి?

బెంగళూరు మారతహళ్లిలో అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. మాది ఇండీ, అంటే మన వీధికుక్క జాతే. రెండు నెలలప్పుడు తెచ్చుకున్నాం. మా ముగ్గురితో వెన్నముద్దలా ఉంటుంది. బయటివాళ్లు కనిపిస్తే మాత్రం నా కాళ్ల ముందుకొచ్చి నిలబడి, వీపు మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని గుర్రుమంటుంది.

మొన్న ఊరి నుంచి మా అత్తయ్యగారు వచ్చారు. చెప్పులు విప్పుతుండగానే దూకి చీర కుచ్చిళ్లు పట్టేసింది. గాటు పడలేదు గానీ, ఆవిడ రెండు రోజులు సోఫా మీంచి కాలు కింద పెట్టలేదు. కంగారులో నేను దాన్ని అరిచి కొట్టాను, తప్పే. అప్పటి నుంచి తోక ముడుచుకుని మరీ అరుస్తోంది. కాపలా కాస్తోందని ఇన్నాళ్లూ మురిసిపోయాం, నిజానికి అది భయమేమో. టీకాలు పూర్తయ్యేదాకా గడప దాటించలేదు. మనుషులకు తేలిగ్గా అలవాటుపడే వయసు మూడు, మూడున్నర నెలల లోపేనని తర్వాత తెలిసింది.

ఇప్పుడు లిఫ్టులో ఎవరైనా ఉంటే ఎక్కడం లేదు. దూరంగా మనిషి కనిపించగానే, అది అరవకముందే ఉడికించిన చికెన్ ముక్క పెడుతున్నాను. పదడుగుల దూరం వరకు పర్వాలేదు. అంతకన్నా దగ్గరైతే ముక్క వైపు కూడా చూడదు. ఈ దూరం ఎలా తగ్గించాలి? చుట్టాలొచ్చినప్పుడు వేరే గదిలో ఉంచితే ఇంకా మొండికేస్తుందా? మజిల్ (కరవకుండా మూతికి తొడిగే చిక్కం) అలవాటు చేసినవాళ్లు ఎలా మొదలుపెట్టారో చెప్పండి. వచ్చే నెల మా అక్క చిన్నపిల్లలతో వస్తోంది, అదే టెన్షన్.