బొగ్గుల మీద థై పీసులు ఎండిపోకుండ కాల్చుడు ఎట్ల?

అన్నలూ అక్కలూ జర చెప్పుండ్రి, మాది హనుమకొండ, డాబా మీద చిన్న బొగ్గుల గ్రిల్ పెట్టుకున్న, చికెన్ థై పీసులు కాలుస్తుంటె పైన మాడిపోతయి గాని బొక్క పక్కన ఇంకా ఎర్రగనే ఉంటది, సరే లోపల ఉడకాలె అని ఇంకింతసేపు ఉంచితె మొత్తం ఎండిపోయి పీచు పీచు అయితది. బ్రెస్ట్ ఎండిపోతదంటె అర్థముంది, థైల కొవ్వు ఉంటది కదా, ఇదెందుకు ఎండాలె?

నేను పట్టించేది పెరుగు, అల్లం ఎల్లిగడ్డ, కారం, పసుపు, ఉప్పు, నిమ్మకాయ, రాత్రంత ఫ్రిజ్‌ల ఉంచుత. నిమ్మరసం అంతసేపు ఉంటె ముక్క పైపైన పిండిలెక్క అయితదని మా వదిన అంటది, కాల్చేముందు పిండితె చాలా? ఇక్కడ షాపులల్ల స్కిన్‌లెస్సే కొట్టి ఇస్తరు, స్కిన్ ఉంచమంటె వింతగ చూస్తరు, ఉంటె నిజంగ తేడా ఉంటదా?

ఇంకోటి, బొగ్గులు ఒక పక్కకు జరిపి, ముందు బొగ్గుల్లేని దిక్కు మూత పెట్టి కాల్చి ఆఖరుకు నిప్పుల మీదికి తేవాలంటరు, అట్ల చేసెటోళ్లు ఎంతసేపు ఉంచుతున్నరు? లోపల 74 డిగ్రీలొస్తె తినొచ్చు గాని థైకి 80 దాటితెనే బొక్క దగ్గర మెత్తగైతదంట, థర్మామీటర్ కొనాల్నా, కత్తితోని గాటు పెట్టి చూస్తె సరిపోతదా?

ఓవెన్ల చేస్కో అని మాత్రం అనకుండ్రి, బొగ్గు వాసన లేకుంటె అది నాకు చికెనే కాదు. ఆదివారం చుట్టాలొస్తున్నరు, ఆలోపే చెప్పుండ్రి.