అప్‌డేట్: అర స్పిన్‌కు భ్రమణ సమూహంలో చోటెందుకు లేదు?

లీ బీజగణితంలో (అతి చిన్న భ్రమణాల లెక్కలో) జే=1/2 ప్రాతినిధ్యం, అంటే అర స్పిన్‌ను తిప్పే 2×2 మాత్రికల రూపం (జే అంటే స్పిన్ విలువ), ఉన్నప్పుడు మామూలు త్రిమితీయ భ్రమణాల సమూహం ఎస్‌ఓ(3) దాన్ని ఎందుకు ఒప్పుకోదని అడిగాను కదా. "సిద్ధాంతం తర్వాత, ముందు 360 డిగ్రీలు పెట్టి చూడమ్మా" అన్న సార్ మాటే పనిచేసింది. కాజీపేట బస్సులో టికెట్ వెనుకే లెక్క తేలింది. జెడ్ అక్షం చుట్టూ తిప్పితే ఆ 2×2 మాత్రిక వికర్ణంలోని రెండు పదాల ఘాతాల్లోనూ కోణం సగమై కూర్చుంటుంది. 360 పెడితే ఆ రెండు పదాలూ −1! ఎస్‌ఓ(3)లో పూర్తి చుట్టు అంటే అసలు తిప్పనట్టే. అక్కడ మైనస్‌కు తావేది? ఈ 2×2 మాత్రికల సమూహం ఎస్‌యూ(2)లో 720 డిగ్రీలకు గానీ మాత్రిక మొదటికి రాదు. జే పూర్ణాంకమైతే ఈ పేచీయే లేదు.

కాగితం మీది చమత్కారమని కొట్టిపారేయకండి, 1975లో న్యూట్రాన్లతో ఈ గుర్తు మార్పును ప్రయోగంలోనే చూశారు. ఇక జే=1ని మామూలు 3×3 భ్రమణ మాత్రికలతో కలపాలి. ఆధార సదిశలు (బేసిస్) మార్చితే సరిపోతుందనుకుంటాను.