సూకీ స్టాక్‌హౌస్ నవలలు మళ్ళీ చదవాలనుకుంటున్నాను: పదమూడూ వరుసగా చదవాలా, మధ్యలో ఆపేయవచ్చా?

అలిపిరి చదువరి (తిరుపతి):

అందరికీ నమస్కారం. షార్లేన్ హారిస్ రాసిన సూకీ స్టాక్‌హౌస్ నవలలు 2001లో ‘డెడ్ అంటిల్ డార్క్’తో మొదలై 2013లో ‘డెడ్ ఎవర్ ఆఫ్టర్’తో ముగిశాయి. ఎస్వీ యూనివర్సిటీలో ఎం.ఏ. చదివే రోజుల్లో హాస్టల్లో చేతులు మారుతూ ఏది ముందు వస్తే అది చదివాను కాబట్టి, నాలుగో పుస్తకం మొదటిదానికంటే ముందే పూర్తయింది. అయినా అవంటే నాకు ప్రాణం. లూసియానాలోని బాన్ టాంప్స్ అనే చిన్న కల్పిత ఊరు, అక్కడి మెర్లాట్స్ బార్‌లో సర్వర్‌గా పనిచేసే సూకీ, ఎదుటివాళ్ళ మనసులో మాటలు వద్దన్నా చెవిన పడుతూ ఉండే ఆమె అవస్థ, జపాన్‌లో తయారైన కృత్రిమ రక్తం బజారులోకి రావడంతో ఇక దాక్కోనక్కరలేదని లోకం ముందుకు వచ్చిన రక్తపిశాచాలు, ఇవేవీ నేను మరిచిపోలేదు.

ఇప్పుడు వాటిని తీరిగ్గా మళ్ళీ చదవాలని ఉంది. అయితే ప్రతి నవలలోనూ ఒక హత్యో, ఒక మాయమైన మనిషో ఉంటారు కదా, హంతకుడెవరో ముందే తెలిసిన కథ రెండోసారి నిలబడుతుందా అన్నది మొదటి సందేహం. ఏడో పుస్తకం తరవాత పట్టు సడలిందని చాలామంది అంటారు, ముగింపు నాకూ బాధ కలిగించింది. అక్కడికి ఆపేస్తే నష్టమేమైనా ఉంటుందా అన్నది రెండోది. మళ్ళీ చదివినవాళ్ళు తమకు కొత్తగా ఏం కనిపించిందో చెబితే సంతోషిస్తాను.

నీవా ఒడ్డు (చిత్తూరు):

ఇంకా చదవనివారు ఎవరైనా ఉంటే ఈ సమాధానం దాటి వెళ్ళండి, ఇందులో ఆరో పుస్తకం గుట్టు ఉంది.

అలిపిరి చదువరి గారూ, మీరు వరుస తప్పి చదివారు కాబట్టి మళ్ళీ చదవడం వల్ల ఎక్కువ లాభపడేది మీరే. మొదటి నవలలో రక్తపిశాచమైన బిల్ కాంప్టన్ మెర్లాట్స్‌లోకి వచ్చి సూకీ వడ్డించే బల్ల దగ్గర కూర్చుంటాడు. అతని మనసు ఆమెకు వినిపించదు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ ఇతరుల ఆలోచనల రొదలో బతికిన అమ్మాయికి ఆ నిశ్శబ్దం ఎంత హాయినిచ్చిందో ఆమే మనకు చెబుతుంది, మనమూ ఆమెతోపాటు మురిసిపోతాం. ఆ రాత్రే అతని రక్తం తోడి అమ్ముకోవాలని చూసిన దంపతుల చేతుల్లోంచి, గొలుసు పట్టుకుని ఒంటరిగా వెళ్ళి అతన్ని కాపాడుతుంది.

ఆరో నవల ‘డెఫినిట్లీ డెడ్’ (2006) దాకా వచ్చాకగానీ మనకు తెలియదు, అతను ఆ ఊరికి వచ్చింది లూసియానా రక్తపిశాచాల రాణి పంపితేనని, సూకీ శక్తి గురించి ఆమె మేనత్త కూతురు హ్యాడ్లీ చెప్పగా రాణి ఆమెపై కన్నేసిందని. ఆ సంగతి తెలిసి మొదటి పుస్తకం తెరిస్తే బిల్ మర్యాదలో ప్రతి మాటా ఆగి ఆగి చదవవలసి వస్తుంది. ఊరందరి మనసులూ వినగలిగిన అమ్మాయికి, తనను మోసం చేస్తున్న ఒక్కడి మనసు మాత్రం వినపడకపోవడం, ఆ వినపడకపోవడాన్నే ఆమె ప్రేమించడం! కథంతా ఆమె నోటితోనే నడుస్తుంది కాబట్టి ఆమెకు తెలియనిది మనకూ తెలియదు. రెండోసారి మాత్రం మనకు తెలుసు, ఆమెకు తెలియదు. హంతకుడి పేరు ముందే తెలిసినా పోయేదేమీ లేదని నేను గట్టిగా చెప్పగలను, ఎందుకంటే ఈ నవలల్లో అసలు రహస్యం హత్యలది కాదు.

రాత్రి కౌంటర్ (తిరుపతి):

నేను బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో రాత్రి రిసెప్షన్‌లో పనిచేస్తాను. రైలు దిగి, బస్సు దిగి, అర్ధరాత్రి దాటాక పిల్లల్ని భుజాన వేసుకుని వచ్చేవాళ్ళకు గది చూపించి, ఆధార్ జిరాక్సు తీసుకుని, సర్వదర్శనం టోకెన్లు శ్రీనివాసంలో ఇస్తారో విష్ణు నివాసంలో ఇస్తారో చెప్పి పంపిస్తాను. అలసిపోయినవాళ్ళు విసుక్కుంటారు, మనం మాత్రం ముఖం చిట్లించకూడదు. అందుకే కాబోలు, ఈసారి చదివినప్పుడు నా మనసు ప్రేమకథ మీద కంటే సూకీ ఉద్యోగం మీదే నిలిచింది.

లోపల ఒత్తిడి పెరిగేకొద్దీ ఆమె ముఖం మీద నవ్వు బిగుసుకుంటుంది. ఆ నవ్వు చూసి ఊళ్ళో వాళ్ళు ఆమెకు మతి సరిగా లేదనుకుంటారు, ఆ అనుకోవడం కూడా ఆమెకు వినపడుతూనే ఉంటుంది. అయినా గ్లాసులు నింపుతుంది, బల్లలు తుడుస్తుంది, డబ్బులు లెక్క చూసుకుంటుంది, ఇంటి పన్ను ఎలా కట్టాలా అని దిగులుపడుతుంది. రక్తపిశాచాల రాజకీయాల్లో తలమునకలైన మరునాడు కూడా డ్యూటీ టైముకు బార్‌లో ఉండాలి. ఇంత శ్రద్ధగా ఒక కష్టజీవి రోజువారీ బతుకు రాసినందుకే ఆ పిశాచాలను నేను నమ్మగలిగాను.

అయితే ఆపేసే విషయంలో నాది వేరే అభిప్రాయం. తొమ్మిదోది ‘డెడ్ అండ్ గాన్’లో యక్షిణీ జాతులవాళ్ళ యుద్ధం వచ్చాక కథ బార్‌ను వదిలి దూరం వెళ్ళిపోయిందనిపించింది. ఏడో నవల ‘ఆల్ టుగెదర్ డెడ్’లో కత్రినా తుపాను రాణిని ఆర్థికంగా కుంగదీయడం, పిశాచాల మహాసభ జరుగుతున్న హోటలు బాంబులకు కూలిపోవడం, శిథిలాల కింద ఊపిరితో ఉన్నవాళ్ళను సూకీ మనసుతో వెతికి పట్టుకోవడం, ఇంతకంటే పెద్ద సన్నివేశం తరవాత మరి రాలేదు. అక్కడ ఆపినా తృప్తిగానే ఉంటుంది.

తాతయ్యగుంట (తిరుపతి):

రాత్రి కౌంటర్ గారి మాటను గౌరవిస్తూనే విభేదిస్తున్నాను. ఈ నవలలను మళ్ళీ చదివేవాళ్ళు సూకీ వంటింటిని గమనిస్తూ చదవాలని నా మనవి. మొదటి పుస్తకంలో ఆమె నాయనమ్మ హత్యకు గురయ్యేది ఆ వంటింట్లోనే. అమెరికా అంతర్యుద్ధకాలం నాటి సంగతులు కళ్ళారా చూసిన సాక్షి దొరికాడని సంబరపడి, తన చరిత్ర సంఘంలో మాట్లాడమని ఒక రక్తపిశాచాన్నే ఆదరంగా పిలిచిన మనిషి ఆవిడ. ఆమె పోయాక ఇల్లు ఎంత బోసిపోతుందో పదమూడు పుస్తకాల్లోనూ తెలుస్తూనే ఉంటుంది. నాలుగో నవల చివర, తనను చంపడానికి వచ్చిన డెబ్బీ పెల్ట్‌ను సూకీ తుపాకీతో కాల్చేదీ ఆ వంటింట్లోనే. అయిదో నవలలో ఎవరో నిప్పు పెడితే తగలబడేదీ అదే, తిరిగి కట్టించుకునేదీ అదే.

డెబ్బీ విషయం మరీ ముఖ్యం. ప్రాణం కాపాడుకోవడానికే చంపింది, తప్పు పట్టలేం. కానీ ఆరో నవలలో డెబ్బీ తల్లిదండ్రులు తమ బిడ్డ ఏమైందని అడుగుతూ వచ్చేసరికి సూకీ వాళ్ళ ముఖాల్లోకి చూడవలసి వస్తుంది. అది చదువుతున్నప్పుడు నాకు మన గంగమ్మ జాతర గుర్తొచ్చింది. ఊరి ఆడవాళ్ళను చెరపట్టిన పాలెగాణ్ణి వెతుకుతూ అమ్మవారు రోజుకొక వేషం కట్టి, చివరకు దొర వేషంలో వచ్చి వాడి తల నరుకుతుంది. కథ అక్కడితో అయిపోదు. ఆ మర్నాడు మాతంగి వేషంలో వెళ్ళి వాడి భార్యను ఓదార్చి వస్తుంది. సంహారం న్యాయమైనదే అయినా, మిగిలినవాళ్ళ దుఃఖానికి సంహరించినవాళ్ళు ఎదురు నిలబడాలన్నది ఆ ఆచారంలో నాకు కనిపించే గొప్పతనం. జాతర చూస్తూ పెరిగినవాళ్ళకు, పొద్దున కూరగాయలమ్మిన మనిషి సాయంత్రం వేషం కట్టి ఇంకొకరైపోవడం వింత కాదు. నిన్నటిదాకా మామూలు పొరుగువాడనుకున్నవాడు రాత్రి తోడేలో పులో అయ్యే బాన్ టాంప్స్ కూడా మనకు పరాయిది కాదు.

తొమ్మిదో నవలలో సూకీ పడిన చిత్రహింసలు చదవడం కష్టమే, ఒప్పుకుంటాను. కానీ పదోది ‘డెడ్ ఇన్ ద ఫ్యామిలీ’ వదిలేయకండి. ఆ హింస తరవాత ఆమె శరీరమూ మనసూ కోలుకోవడానికి ఎంత కాలం పట్టిందో రచయిత్రి తొందరపడకుండా రాసింది. మొదటిసారి కథ ముందుకు సాగలేదని విసుక్కుంటాం, రెండోసారి ఆ నిదానమే సరైనదనిపిస్తుంది.

అలిపిరి చదువరి (తిరుపతి):

ముగ్గురికీ ధన్యవాదాలు. వంటింటి సంగతి ఇంతవరకూ నాకు తట్టనే లేదు. మొదటి పుస్తకం నుంచి పదమూడూ చదువుతాను. ఇంకొక్క సందేహం: ఆరో నవల మొదలయ్యేసరికే హ్యాడ్లీ చనిపోయిందన్న సంగతి అందరికీ తెలిసినట్టు ఉంటుంది, ఆ కబురు సూకీకి ఎప్పుడు అందిందో అయిదో పుస్తకంలో నాకు దొరకలేదు. నా ప్రతిలో పేజీలేమైనా పోయాయా? అలాగే ఈ నవలల ఆధారంగా తీసిన టీవీ సీరియల్ ‘ట్రూ బ్లడ్’ కూడా పక్కనే చూడవచ్చా?

నీవా ఒడ్డు (చిత్తూరు):

పేజీలు పోలేదండీ. ఆ కబురు నవలల్లో లేదు, ‘వన్ వర్డ్ ఆన్సర్’ అనే కథలో ఉంది. 2009లో వచ్చిన ‘ఎ టచ్ ఆఫ్ డెడ్’ సంపుటిలో మిగతా సూకీ కథలతోపాటు అది దొరుకుతుంది. అయిదో నవల ముగించి, ఈ కథ చదివి, అప్పుడు ఆరోది తెరవండి. హ్యాడ్లీ ఎలా పోయిందో, రాణి ఎవరో తెలిశాక బిల్ రహస్యం బయటపడే ఘట్టం రెండింతలు తగులుతుంది.

‘ట్రూ బ్లడ్’ 2008 నుంచి 2014 వరకు ఏడు సీజన్లు నడిచింది, నాకూ ఇష్టమే, కానీ ఇప్పుడు పక్కన పెట్టండి. రెండో నవల ఆరంభంలోనే శవమై కనిపించే వంటవాడు లఫాయెట్ అక్కడ చివరిదాకా బతికే ఉంటాడు, సూకీ స్నేహితురాలు టారా పూర్తిగా వేరే మనిషి. రెండూ కలిపి చూస్తే ఏది ఎక్కడ జరిగిందో కలగాపులగం అవుతుంది.

ముగింపు గురించి ఒక మాట. సూకీ చివరకు బార్ యజమాని సామ్ మెర్లాట్‌కు దగ్గరైందని 2013లో ఎంతోమంది పాఠకులు ఆగ్రహించారు, ఎరిక్ అనే రక్తపిశాచం పక్షాన ఉన్న నేనూ వారిలో ఒకణ్ణి. వరుసగా చదివితే మాత్రం మొదటి నవలనుంచీ ఆమెకు జీతమిచ్చి, కష్టంలో సెలవిచ్చి, పగటి వెలుగులో ఆమె పక్కన నిలబడగలిగినవాడు అతనొక్కడేనని కనిపిస్తుంది. పన్నెండో నవలలో తన దగ్గరున్న ఒకే ఒక్క వరాన్ని సూకీ ఎవరి ప్రాణం కోసం ఖర్చుపెట్టిందో అక్కడికి చేరినప్పుడు చూడండి, ఆ తరవాత ముగింపు మీద మీ అభిప్రాయం ఇక్కడ రాయండి.