అథ్లెటిక్స్ మూడేళ్ల అద్దె కాపురం: తప్పు మైదానానిదా, జట్టుదా?

స్కోర్‌బుక్:
1968 నుంచి ఓక్లాండ్‌లో ఆడిన అమెరికా బేస్‌బాల్ జట్టు అథ్లెటిక్స్ 2024 సెప్టెంబర్ 26న అక్కడ చివరి ఆట ఆడి మూటాముల్లె సర్దుకుంది. లాస్ వేగాస్‌లో సొంతిల్లు 2028కి గానీ తయారవదు. అందాకా కాపురం వెస్ట్ శాక్రమెంటోలోని సటర్ హెల్త్ పార్క్‌లో. అది రివర్ క్యాట్స్ అనే మైనర్ లీగ్ (కింది స్థాయి) జట్టు మైదానం. గడ్డి గట్టు మీద కూర్చునేవాళ్లతో కలిపినా 14 వేల మందే పడతారు. 2025 సీజన్ లెక్క చూడండి: 76 గెలుపులు, 86 ఓటములు. బయట 40-41, ఇంట్లో 36-45. మామూలుగా ఏ జట్టయినా ఇంట్లోనే బాగా ఆడుతుంది. మైదానమే ముంచిందని నా వాదన. కాదనేవాళ్లు రండి.

డెల్టా గాలి:
కాదనే అంటాను. మే నడిమి నుంచి జూన్ మొదటి వారం దాకా 21 ఆటల్లో 20 పోగొట్టుకున్నారు. డాడ్జర్స్ చేతిలో 19-2తో చిత్తయింది లాస్ ఏంజెలెస్‌లో, శాక్రమెంటోలో కాదు. ఆ మూడు వారాలు ఎక్కడ ఆడించినా ఓడేవాళ్లే. పిచింగ్ (బంతి విసరడం) బలం లేని జట్టుకి మైదానం మంచి సాకు, అంతే.

లెఫ్ట్‌ఫీల్డ్ గోడ:
పిచింగ్ బలం లేదన్నారు కాబట్టి లూయిస్ సెవెరినో లెక్కే చూద్దాం. మూడేళ్లకు 67 మిలియన్ డాలర్లిచ్చి తెచ్చుకున్న పిచ్చర్. తొమ్మిది ఇన్నింగ్స్‌కి ఇచ్చిన పరుగుల సగటు (ఈఆర్‌ఏ) బయట 3.02, ఇంట్లో 6.01. మనిషి ఒకడే, సీజన్ ఒకటే, చెయ్యీ అదే!

కారణం సీట్ల సంఖ్య కాదండీ, కట్టడం తీరు. పెద్ద లీగ్ మైదానాల్లో డగౌట్ (ఆటగాళ్లు కూర్చునే చోటు) వెనక నుంచే క్లబ్‌హౌస్‌కి (జట్టు గదులకి) దారి ఉంటుంది. పిచ్చర్ తన జట్టు బ్యాటింగ్ చేస్తున్నప్పుడు లోపలికెళ్లి ఏసీలో కూర్చుంటాడు, చొక్కా మార్చుకుంటాడు. మధ్యలో దిగాల్సిన బ్యాటర్ అక్కడే నెట్‌లో నాలుగు బంతులు కొట్టి వస్తాడు. ఇక్కడ క్లబ్‌హౌస్ లెఫ్ట్ ఫీల్డ్ గోడ (మైదానం ఎడమ కొస గోడ) అవతల ఉంది. ఆట మధ్యలో వెళ్లి రావడం కుదరదు. శాక్రమెంటో జులై ఎండ 38 డిగ్రీలు దాటడం మామూలే. సెవెరినో ఈ మాట బాహాటంగానే చెప్పాడు.

డెల్టా గాలి:
అలాంటి డగౌట్‌లోనే అవతలి పిచ్చర్ కూడా కూర్చుంటాడు కదా? ఎండ ఇద్దరికీ సమానమే.

లెఫ్ట్‌ఫీల్డ్ గోడ:
అవతలివాడు మూడు రోజులుండి పోతాడు. వీళ్లు 81 ఆటలు.

మట్టిమనిషి:
ఇద్దరూ గడ్డి సంగతి వదిలేశారు. రివర్ క్యాట్స్ ఇంటి ఆటలు 75, అథ్లెటిక్స్‌వి 81. మొత్తం 156. సీజన్ నిడివి దాదాపు 186 రోజులు. ఖాళీ దొరికేది నెల రోజులు, అదీ ముక్కలు ముక్కలుగా.

దెబ్బ ముందు తగిలేది మౌండ్‌కి (పిచ్చర్ నిలబడి విసిరే మట్టి దిబ్బకి), బ్యాటర్ నిలబడే పెట్టెకి. పిచ్చర్ ముందు కాలు పడే చోట గుంత పడుతుంది. ఆట అవగానే వదులు మట్టి తీసేసి, గుంత అంచులు తడిపి, తడి బంకమట్టి పలచగా పొర మీద పొర వేస్తూ దిమ్మిసతో కొట్టి, పైన పట్టా కప్పాలి. పొడి మీద వేస్తే కొత్త మట్టి పాతదాన్ని పట్టుకోదు, మూడో ఇన్నింగ్స్‌కే పెచ్చులు లేస్తుంది. ఇది రోజూ చేసే పనే. గడ్డితోనే చిక్కు. కొత్త పచ్చిక పలక వేరు పట్టడానికి రెండు వారాలు కావాలి. ఒక జట్టు ఊరెళ్తే రెండోది దిగుతుంటే ఆ రెండు వారాలు ఎక్కడివి? బాగా మందంగా కోసిన పలకలైతే వెంటనే ఆడొచ్చు గానీ బరువు, ఖర్చు రెండూ ఎక్కువ.

స్కోర్‌బుక్:
మొదట కృత్రిమ గడ్డి వేద్దామనుకున్నారు కదా? అదే నయమేమో.

మట్టిమనిషి:
ఆ ఎండలో ప్లాస్టిక్ గడ్డి పెనంలా కాలుతుంది. ఆటగాళ్లు ఒప్పుకోకే అసలు గడ్డికి మారారు. నన్నడిగితే అదొక్కటే సరైన నిర్ణయం. టాంపా బే రేస్ జట్టుని చూడండి. 2024 అక్టోబర్‌లో మిల్టన్ తుపాను వాళ్ల మైదానం ట్రాపికానా ఫీల్డ్ కప్పు చింపేస్తే 2025 అంతా న్యూయార్క్ యాంకీస్ జట్టు శిక్షణ మైదానం స్టైన్‌బ్రెన్నర్ ఫీల్డ్‌లో ఆడారు. అక్కడుండే చిన్న జట్టు టార్పన్స్‌ని పక్క మైదానానికి పంపారు. వానలకు భయపడి మొదటి 59 ఆటల్లో 47 ఇంట్లోనే పెట్టారు. ఇంట్లో 41-40తో బయటపడ్డారు. ఒక మైదానానికి ఒకే జట్టు, అదీ తేడా.

పాత ఎక్స్‌పోస్:
తాత్కాలికం అంటే చిన్నదే కానక్కర్లేదు. డాడ్జర్స్ బ్రూక్లిన్ వదిలాక 1958 నుంచి నాలుగేళ్లు లాస్ ఏంజెలెస్ కొలీజియంలో ఆడారు. లెఫ్ట్ ఫీల్డ్ కొస బ్యాటర్‌కి 251 అడుగుల దూరంలోనే, అడ్డంగా నలభై అడుగుల పైన తెర. బేస్‌బాల్‌కి అంతకన్నా వంకర మైదానం ఉండదు. అయినా 1959లో ప్రపంచ సిరీస్ గెలిచారు, ఒక ఆటకు 92,706 మంది వచ్చారు. మాంట్రియల్ జట్టు ఎక్స్‌పోస్ వాషింగ్టన్ వెళ్లాక నేషనల్స్‌గా మూడేళ్లు పాత ఆర్‌ఎఫ్‌కే స్టేడియంలో గడిపారు. ఈ ఇద్దరూ వెళ్లిన ఊరి పేరు పెట్టుకున్నారు. అథ్లెటిక్స్ చొక్కా మీద ఊరి పేరే లేదు! ఒక చేతి మీద శాక్రమెంటో బిళ్ల, రెండో చేతి మీద లాస్ వేగాస్ బిళ్ల. మా ఊరి జట్టని ఎవడు చెప్పుకుంటాడు?

డెల్టా గాలి:
ఇది ఒప్పుకుంటాను. చిన్న మైదానమైతే కిటకిటలాడుతుందని చెప్పినవాళ్లలో నేనూ ఒకణ్ణి. సగటున 9,487 మందే వచ్చారు. అలిగి కూర్చున్న ఓక్లాండ్‌లోనే 2024లో 11,386.

స్కోర్‌బుక్:
మరి శాక్రమెంటోనే ఎందుకు? సాల్ట్ లేక్ సిటీ పేరూ వినబడింది.

పాత ఎక్స్‌పోస్:
టీవీ డబ్బు. శాక్రమెంటో బే ఏరియా (ఓక్లాండ్, శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతం) ప్రసార పరిధిలోనే ఉంది, ఒప్పందం చెయ్యి జారలేదు. ఆ పరిధి దాటితే ఆ ఆదాయానికి గండి.

మట్టిమనిషి:
2026 షెడ్యూల్లో జూన్‌లో ఆరు ఇంటి ఆటలు లాస్ వేగాస్ బాల్‌పార్క్‌కి వెళ్లాయి, బ్రూవర్స్ జట్టుతో మూడు, రాకీస్ జట్టుతో మూడు. 1996లోనూ ఓక్లాండ్ కొలీజియం మరమ్మతుల వల్ల మొదటి ఆరు ఇంటి ఆటలు వేగాస్‌లోనే ఆడారు. 2026 ఏర్పాటును అందరూ ప్రచారం అంటున్నారు. నాకు కనిపించేది వేరు: శాక్రమెంటో గడ్డికి నడి వేసవిలో ఆరు ఆటల భారం తగ్గింది. ఆ వారం రివర్ క్యాట్స్ కూడా బయటుంటే షార్ట్‌స్టాప్ (రెండు, మూడు బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) ముందు భాగం పీకి కొత్త పలకలు వేసుకోవచ్చు.