‘ఓవర్’ అయ్యాడంటే తెలుగులో ఏమనాలి?

గ్రూపులో అందరికీ నమస్కారం. మొన్న ఆదివారం మా ఇంట్లో ఒక మాట దగ్గర తేడా వచ్చింది, మీ ముందు పెడుతున్నాను.

మా మేనల్లుడు రెజ్లింగ్ చూస్తూ “మామయ్యా, వీడు ఇప్పుడు ఫుల్ ఓవర్” అన్నాడు. పక్కన కూర్చుని బీరకాయలు తరుగుతున్న మా అమ్మ “అవున్రా, మరీ ఓవర్ చేస్తున్నాడు” అంది. మాట ఒకటే, అర్థాలు మాత్రం ఎదురెదురు. మన వాడుకలో ఓవర్ చేయడమంటే అతి చేసి వెగటు పుట్టించడం. రెజ్లింగ్ వాళ్ల పరిభాషలో ఓవర్ అవ్వడమంటే జనానికి ఎక్కేయడం. వాడి పాట మొదలవగానే కుర్చీల్లోంచి లేచేంతగా ఎక్కేయడం. పెద్ద స్టార్ అనిపించుకోవడానికి మొదటి మెట్టు అదే. దీనికి తెలుగు మాట ఏది?

కుస్తీకి మనకు మాటల కరువు లేదు. మల్లుడు, జెట్టి, వస్తాదు, గోదా, పట్టు. వీరఘట్టం నుంచి వచ్చిన కోడి రామమూర్తి నాయుడు గారిని కలియుగ భీముడన్నారు. అయితే ఆ మాటలన్నీ బలానివి, గెలుపువి. ఈ రెజ్లింగ్‌లో ఎవరు గెలవాలో ముందే అనుకుంటారు. పడటం నిజం, నొప్పి నిజం, ఫలితం మాత్రం రాసిపెట్టింది. అలాంటప్పుడు గెలిచినవాడే గొప్పవాడని చెప్పలేం. అందుకే ఈ మాటను గోదాలో కాదు, రంగస్థలం మీద వెతకాలనిపించింది. అక్కడ మనకు సిద్ధంగా ఉన్న మాట ‘రక్తి కట్టించడం’. హరికథ రక్తి కట్టింది అంటాం, ఫలానా వేషం రక్తి కట్టించాడు అంటాం. మీరేమంటారు?

వ్యాఖ్య: అంత దూరం ఎందుకండీ, ‘జనాదరణ పొందాడు’ అంటే సరిపోదా? అందరికీ అర్థమవుతుంది.

జవాబు: నేనూ మొదట అదే అనుకున్నానండీ. ఆదరణ అంటే ఇష్టపడటం కదా, చిక్కంతా అక్కడే. జనం ఒళ్లు మండి తిట్టుకునే విలన్ కూడా ఈ లెక్కలో ఓవరే. వాణ్ణి ఎవరు ఓడిస్తారో చూడాలనే టికెట్లు కొంటారు. వాడిని జనం ఆదరించారని అనలేం, రక్తి కట్టించాడని మాత్రం ధైర్యంగా అనొచ్చు. మన పద్యనాటకాల్లో దుర్యోధనుడి పద్యానికి వన్స్‌మోర్ కొట్టిన ఊళ్లు ఎన్ని లేవు! ఆయన పాపం పండాలనీ కోరుకుంటారు, పద్యం మళ్లీ పాడమనీ అడుగుతారు.

మాట పుట్టుక చూడండి. సంస్కృతంలో రంజ్ ధాతువుకు రంగు పట్టడం అని అర్థం. రక్తి, అనురక్తి, విరక్తి, రాగం, రంగం అన్నీ అక్కడివే. ఎర్రటిది కాబట్టి రక్తమూ అందులోదే. చూసేవాడి మనసుకు రంగు పట్టాలి, అది ప్రేమ రంగా కోపం రంగా అన్నది తర్వాతి మాట. అసలు ప్రమాదం విరక్తి. ‘వీడు మళ్లీ వచ్చాడా, ఛానెల్ మార్చు’ అనిపించడం. విలన్‌ని తిట్టే కేకా, విసుగుతో వేసే కేకా చెవికి ఒకేలా వినిపిస్తాయి. వాటి తేడా పట్టుకోలేని కంపెనీ, అంటే ఈ పోటీలు నడిపే సంస్థ, నష్టపోతుంది.

‘ద రాక్’ అని పేరుపడ్డ రెజ్లర్ డ్వేన్ జాన్సన్ కథే తీసుకోండి. 1996 నవంబరులో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో రాకీ మైవియా పేరుతో వచ్చాడు. తండ్రి రాకీ జాన్సన్, తాత పీటర్ మైవియా, ఇద్దరి పేర్లూ కలిపి పెట్టారు. చక్కటి ఒడ్డూపొడుగూ, పెద్ద నవ్వు, వరసగా గెలుపులు. మూడు నెలలకే ఒక టైటిల్ కూడా ఇచ్చారు. జనానికి మాత్రం మొహం మొత్తింది. మంచివాడి వేషంలో ఉన్నవాణ్ణి పనికిరాడని, చచ్చిపొమ్మని నినాదాలు చేశారు. 1997లో చెడ్డవాడిగా మార్చి మైకు చేతికిచ్చాక, ఆ తిట్టిన జనాన్నే ఎదురు తిట్టాడు. తన గురించి తానే ‘రాక్ ఇలా అంటున్నాడు’ అని మూడో మనిషిలా చెప్పుకున్నాడు. మనిషి అదే, కండలు అవే. విరక్తి కాస్తా రక్తిగా మారింది. కంపెనీ ఏటా జరిపే అతిపెద్ద షో రెజిల్‌మేనియా. 1999లో దాని చివరి పోటీలో, అప్పటి పెద్ద స్టార్ స్టీవ్ ఆస్టిన్‌కి ఎదురుగా నిలబడ్డాడు.

వ్యాఖ్య: రంగస్థలం అన్నారు కాబట్టి ఒక మాట. ఎంట్రీ మ్యూజిక్‌కి మన దగ్గర ‘ప్రవేశ దరువు’ ఉంది! భామాకలాపంలో సత్యభామ తెర వెనక నుంచే జడ ఇవతలికి వేస్తుంది. మొహం కనపడకముందే ఆవిడ ఎవరో, ఎంత అభిమానవతో తెలిసిపోతుంది.

జవాబు: ఎంత మంచి మాట గుర్తుచేశారండీ! ఆస్టిన్‌కి గాజు పగిలిన చప్పుడు, అండర్‌టేకర్‌కి గంట మోత. మనిషి ఇంకా రాలేదు, హాలు మాత్రం లేచి నిలబడింది. ఇకనుంచి మా ఇంట్లో ఇది ప్రవేశ దరువే.

వ్యాఖ్య: చిన్నప్పుడు మా బడి దగ్గర డబ్ల్యూడబ్ల్యూఎఫ్ (ఇప్పటి డబ్ల్యూడబ్ల్యూఈ) రెజ్లర్ల కార్డులు అమ్మేవారు. ర్యాంకు, హైటు, వెయిటు, ఛాతీ, బైసెప్స్, ఆడిన ఫైట్లు, గెలిచిన ఫైట్లు. మీరు చెప్పే రక్తికి అందులో గడి లేదు. మాకు మాత్రం ఎత్తూ బరువూ ఉన్న కార్డే స్టారు.

జవాబు: నేనూ ఆ కార్డుల మీద పెరిగినవాణ్ణే. ఎత్తూ బరువూ అక్కరలేదని నేను అనను. 1987లో పాంటియాక్ సిల్వర్‌డోమ్‌లో హల్క్ హోగన్ ఆండ్రేని ఎత్తి కుదేసినప్పుడు జనం ఊగిపోయారంటే, ఆండ్రే అంత భారీ మనిషి కావడం వల్లే కదా. కానీ అదే కార్డు డేనియల్ బ్రయాన్‌ని చూపిస్తే మనం పక్కన పడేసేవాళ్లం. పొట్టివాడు, గుబురు గడ్డం, కంపెనీకి కూడా పెద్ద నమ్మకం లేదు. 2012 రెజిల్‌మేనియాలో షేమస్ చేతిలో 18 సెకన్లలో ఓడించేశారు. మర్నాటి షోలో జనం ఎవరి పోటీ నడుస్తున్నా సరే ‘యెస్, యెస్’ అంటూ అతని నినాదమే అందుకున్నారు.

2014 జనవరిలో, ముప్పై మంది ఒకరి తర్వాత ఒకరు రింగ్‌లోకి దిగే రాయల్ రంబుల్ పోటీలో అతను లేడు. 30వ వాడిగా రే మిస్టీరియో వచ్చాడు. అందరూ ముద్దుచేసే రే మిస్టీరియోకి కూడా వెక్కిరింపులే! అతను చేసిన తప్పు బ్రయాన్ కాకపోవడమే. చివరికి ఏప్రిల్ 6న న్యూ ఆర్లీన్స్ రెజిల్‌మేనియాలో బ్రయాన్ ఒకే రాత్రి ట్రిపుల్ హెచ్‌ని ఓడించి, ఆపైన ఆర్టన్, బాటిస్టాలతో ఆడి బెల్టు గెలిచాడు. ఫలితం రాసేది కంపెనీయే అయినా, ఆ ఏడాది కలం పట్టుకున్నది జనం.

‘రక్తి కట్టు’లో ఉన్న ‘కట్టు’ నాకు ఇందుకే ఇష్టం. పాల మీద మీగడ కడుతుంది, మబ్బు కడుతుంది, నూనె చలికి గడ్డ కడుతుంది. ఎవరూ దాన్ని పట్టుకుని కట్టరు, అదే కడుతుంది. కంపెనీ పుష్ ఇవ్వగలదు, అంటే ఒకణ్ణి పైకి తేవాలని గెలిపిస్తూ పోగలదు, పాలూ తోడూ పోయగలదు. తోడుకోవాల్సింది మాత్రం హాల్లోనే.

వ్యాఖ్య: ‘నొప్పించక తానొవ్వక’ అన్నది వీళ్ల వృత్తికి అచ్చంగా సరిపోతుంది కదండీ? ఎదుటివాడికి ఎముక విరగకుండా, తనకు మెడ పట్టకుండా.

జవాబు: సరిపోతుందండీ, మంచి పనివాడికి అంతకంటే కొలత లేదు. ఎదుటివాడు తన ఒళ్లు నమ్మి అప్పగిస్తాడు, దాన్ని కాపాడాలి. కానీ అది పనితనం. అలాంటి నేర్పున్నవాళ్లు ఎందరో మధ్యలోనే ఆగిపోయారు. పైకి వెళ్లేవాడు ఆ నేర్పుకి ఒక బొమ్మ కట్టి జనం కళ్లలో వదులుతాడు. 1997 మార్చిలో షికాగో దగ్గర రోజ్‌మాంట్‌లో ఆస్టిన్ దుర్మార్గుడి వేషంలోనే బ్రెట్ హార్ట్‌తో ఆడాడు. బ్రెట్ అతని కాళ్లు మెలిపెట్టి పట్టేశాడు. ఆస్టిన్ మొహమంతా రక్తం, పళ్లు బిగబట్టి అరుస్తున్నాడు తప్ప ‘ఒప్పుకున్నా’ అనలేదు. అలాగే స్పృహ తప్పాడు. లేచాక ఎవరి సాయమూ పట్టుకోకుండా కుంటుకుంటూ వెళ్లిపోయాడు. పోటీలో ఓడినవాడు అతను. హాలు జేజేలు కొట్టిందీ అతనికే, అప్పటిదాకా దేవుడిలా చూసుకున్న బ్రెట్‌ని గేలి చేసింది. రక్తమూ రక్తీ ఒకే ధాతువన్న సంగతి నాకు ఆ మొహం గుర్తొచ్చినప్పుడల్లా తడుతుంది.

వ్యాఖ్య: 2023 సెప్టెంబరులో గచ్చిబౌలి స్టేడియంలో జాన్ సీనా వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. చేతిని మొహం ముందు ఊపితే మా వరసలో పదేళ్ల పిల్లలూ, నలభై ఏళ్ల తండ్రులూ ఒకేసారి ఊపారు. ఇంగ్లీషు మాటలు సగం మందికి వినపడనే లేదు.

జవాబు: మీరు చెప్పినదానికి రక్తి అన్న మాట తప్ప నాకు ఇంకోటి తోచడం లేదండీ. మా అమ్మకు ఇది చదివి వినిపించాను. “అలా చెప్పండి మరి, ఓవర్ అంటే నాకేం తెలుస్తుంది” అంది.

ఇంకొక్కటి మిగిలింది. రింగ్ బయట కూడా వేషం వదలకుండా ఉండటాన్ని వాళ్లు ‘కేఫేబ్’ అంటారు. ‘వేషం విప్పకపోవడం’ అనుకున్నాను, కాస్త పొడుగ్గా ఉంది. పగటివేషాల వాళ్ల దగ్గర దీనికి ప్రత్యేకంగా మాట ఉందేమో తెలిసినవాళ్లు చెప్పగలరా?