లైబ్రరీలో నా పుస్తకం చిరిగేదాకా చదివారు, రచయితకి ఏమైనా వస్తుందా?

నమస్తే అండి. మాది పర్లాకిమిడి. ఆరేళ్ల కిందట సొంత డబ్బుతో ఒక కథల పుస్తకం వేయించి, బరంపురంలో ఒక లైబ్రరీకి రెండు కాపీలు ఊరికే ఇచ్చాను. మొన్న వెళ్తే అట్ట ఊడి, వెన్నుకి ఖాకీ టేపు వేసి ఉంది. వెనక తేదీల చీటీ నిండిపోయి దాని మీద ఇంకో చీటీ! ముద్రలు లెక్కపెట్టాను, 41. ఎవరో పెన్సిల్‌తో నా అచ్చుతప్పు కూడా దిద్దారు. సంతోషమే గానీ, కొట్లో అందులో సగం కూడా అమ్ముడుపోలేదు.

బ్రిటన్‌లో 1979 చట్టం ప్రకారం, పాఠకులు ఎన్నిసార్లు తీసుకెళ్లారో లెక్కకట్టి రచయితకి కొన్ని పెన్నీల చొప్పున ఇస్తారు, ఏడాదికి 6,600 పౌండ్లు మించకుండా. డెన్మార్క్‌లో అయితే 1946 నుంచే ఉంది. మన దగ్గర అలాంటి చట్టం లేదు, సరే.

నేనడిగేది వేరే. కోల్‌కతాలోని రాజా రామమోహన్ రాయ్ ఫౌండేషన్ లైబ్రరీల కోసం పుస్తకాలు కొంటుంది కదా, ఒడిశాలో ఉండి తెలుగులో రాసేవాళ్లు పంపుకోవచ్చా? పబ్లిషర్ లేకుండా సొంతంగా అప్లై చేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే గుర్తింపు నంబరు) లేకపోతే మొదట్లోనే పక్కన పెట్టేస్తారా? నేను తీసుకోలేదు మరి.